బడిగంట మ్రోగిన పిమ్మట

సాయంకాలము బడిగంట మ్రోగును. పిల్లలందరు ఒక్కుమ్మడిగా వెలుపలికి వత్తురు. అంతవరకు వారు ఒకే బల్లపై కూర్చున్నవారు, ఒకే పాఠము విన్నవారు, ఒకే నల్లబల్లను చూచినవారు. వీధి మలుపు వరకు వారిలో ఎవడు ఎవరి బిడ్డయో చెప్పుట కష్టము. మలుపు దాటిన పిమ్మట దారులు చీలిపోవును. ఒకడు ఇల్లు చేరును. అచ్చట వానికొరకు మంచి దీపము కలదు, కథల పుస్తకము కలదు, అడిగినదానికి బదులు చెప్పు తల్లి కలదు. అవసరమైనచో ప్రైవేటు చెప్పు మాస్టరుగారు కూడ వత్తురు. రెండవవాడును ఇల్లు చేరును. వానికొరకు కట్టు విప్పవలసిన పశువు కలదు, నింపవలసిన బిందె కలదు, ఎత్తుకొనవలసిన చంటిపాప కలదు. మరునాటి ఉదయము ఇద్దరును మరల ఒకే బల్లపై కూర్చుందురు. ఉపాధ్యాయుడు ఇద్దరిని ఒకే ప్రశ్న అడుగును. మొదటివాడు చెప్పును. రెండవవాడు తల వంచుకొనును. మొదటివాడు తెలివిగలవాడనియు, రెండవవాడు మందబుద్ధి యనియు అందరును నిర్ణయింతురు. కొంతకాలమునకు రెండవవాడు కూడ ఆ మాటనే నమ్మును.

ఈ నిర్ణయము తప్పనియు, దిద్దవలసినది బాలుని బుద్ధిని కాదనియు, బడిగంటకును నిద్రకును నడుమనున్న ఆ నాలుగైదు గంటలను దిద్దవలెననియు ఒక ఉపాధ్యాయుడు వాదించెను. వాదముతో తృప్తిపడక, ఇటలీ దేశములో ఒక చిన్న పట్టణమునకు చేరిన కొండపల్లెలో దానిని చేసి చూపెను. ఆ ఉపాధ్యాయుడు లొరెంజో మిలానీ. ఆ పల్లె బర్బియానా. అచ్చట 1954లో ప్రారంభమైనది ప్రాథమిక పాఠశాల పిల్లలకొరకు నడచిన ‘బడి తరువాతి బడి’ మాత్రమే. అది పదుమూడు సంవత్సరములలో ఒక దేశపు విద్యావిధానమునే నిలదీసి ప్రశ్నించినది.

పుస్తకముల నడుమ పుట్టినవాడు

మిలానీ 1923 మే 27న ఫ్లారెన్సు నగరములో సంపన్న కుటుంబమున జన్మించెను. ఆ ఇంట పుస్తకములకు కొదువ లేదు. ఆయన తండ్రికి తాతగారైన దొమెనికో కంపరెత్తి పేరుపొందిన భాషాశాస్త్రవేత్త. ఇంటికి వచ్చుపోవు వారందరు విద్వాంసులు, కళాకారులు. బాలుడు బడిలో నేర్చినదానికంటె భోజనపు బల్లయొద్ద విని నేర్చినదే ఎక్కువ యని చెప్పవచ్చును. యౌవనమున కొంతకాలము చిత్రలేఖనము అభ్యసించి, 1943లో మతదీక్షకు మరలి, 1947లో పురోహితుడయ్యెను.

ఆ సంవత్సరమే ఆయనను ఫ్లారెన్సునకు సమీపమున కలెన్‌జానో అను ఊరికి సహాయ పురోహితునిగా పంపిరి. అది మగ్గములలోను, మిల్లులలోను పనిచేయు కూలీలు, రైతులు నివసించు ప్రదేశము. ఆయన అచ్చట యువకులకొరకు రాత్రిబడి తెరచెను. బడిలోనికి వచ్చువాని పార్టీని, మతభక్తిని విచారింపలేదు. ఏడు సంవత్సరములు నడచిన ఆ రాత్రిబడిలో ఆయన ఒక సత్యమును కనుగొనెను. పేదవానికి కొరతపడినది బుద్ధి కాదు, మాట. తన మనసులోనున్నది చెప్పుటకును, ఎదుటివాడు చెప్పినది గ్రహించుటకును చాలిన మాటలు వానియొద్ద లేవు. కచేరీలోను, మిల్లు యజమాని యెదుటను, పత్రిక యెదుటను వాడు మూగవాడగుచున్నాడు. తన ఇంట భోజనపు బల్లయొద్ద తనకు ఉచితముగ లభించినది ఇదియేయని మిలానీకి అప్పుడు తెలిసినది. ధనికుల బిడ్డలు బడికి రాకపూర్వమే సగము చదువు చదువుకొని వచ్చుచున్నారు. తక్కిన సగమును బడి వదలిన పిమ్మట ఇంటియొద్ద పూర్తిచేసికొనుచున్నారు.

ఆయన సూటి మాటలు పై అధికారులకు రుచింపలేదు. కలెన్‌జానోలోని వృద్ధ పురోహితుడు 1954లో మరణింపగా, ఆ స్థానము మిలానీకి దక్కలేదు. ఆయనను కొండమీదికి పంపివేసిరి.

బాట లేని కొండ

బర్బియానా జోవీ పర్వతపు వాలున, అడవుల నడుమ, విక్కియో అను చిన్న పట్టణమునకు చేరినది. దానిని పల్లెయని పిలుచుటయు మర్యాదకొరకే. ఒక చర్చి, దానిని ఆనుకొని పురోహితుని ఇల్లు, చిన్న శ్మశానము, కొండవాలున దూరదూరముగ చెదరియున్న రైతుల ఇండ్లు, అంతయు కలిసి కొన్ని పదుల మంది జనము. బండి పోవు బాట లేదు. విద్యుద్దీపములు లేవు. నీటి కొళాయి లేదు. చర్చిని మూసివేయవలెనని కూడ అధికారులు అదివరకే తలపోసియుండిరి.

1954 డిసెంబరు 7న మిలానీ అచ్చటికి చేరెను. చేరిన మరునాడే ఆయన విక్కియోకు దిగివచ్చి, బర్బియానా శ్మశానములో తన సమాధికొరకు స్థలము కొనెను. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరములు. ‘ఈ కొండనుండి మరియొక ఊరికి మార్పించుకొందునేమోయని మీరు సందేహింపవలదు’ యని ఆ జనమునకు చెప్పుటకు అంతకంటె స్పష్టమైన భాష లేదు. మంచి ఊరికి బదిలీకై ఎదురుచూచు ఉపాధ్యాయుని మనస్సు పిల్లలకు ఎంత శీఘ్రముగ తెలియునో పల్లెబడులలో పనిచేసినవారందరు ఎరుగుదురు.

ఆ కొండమీద ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఒకటి ఉండెను. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, ఐదు తరగతులు. ఒక తరగతికి పాఠము చెప్పునప్పుడు తక్కిన నాలుగు తరగతులు మౌనముగ కూర్చుండవలెను. కనుక బాలునికి రావలసిన చదువులో వానికి ముట్టినది ఐదవవంతు. ఉపాధ్యాయులు తరచుగ మారిపోవుచుండిరి. ఆ ఐదు తరగతులు ముగిసిన వెంటనే పిల్లలు పొలమునకో, పశువుల వెంటనో పోవలసినదే. ఏకోపాధ్యాయ పాఠశాలల కథ తెలిసిన మన ఉపాధ్యాయులకు ఇందులో వింత ఏమియు కనుపింపదు.

ఒకే పుస్తకము చుట్టు

మిలానీ మొదట చేసిన పని చాల చిన్నది. ప్రాథమిక పాఠశాల వదలిన పిమ్మట పిల్లలను తన ఇంటికి రమ్మనెను. వంటయింటి ప్రక్కనున్న గదిలో బల్ల వేసి వారిని దాని చుట్టు కూర్చుండబెట్టెను. ఉదయమునాటి పాఠములో తెలియనిది మరల చెప్పెను. తెలిసినదానిని విస్తరించి చెప్పెను. 1956లో ఆ పిల్లలలో ఆరుగురు ఐదవ తరగతి ముగించిరి. వారిని పశువుల వెంట పోనీయుటకు ఆయనకు మనసొప్పలేదు. వారికొరకు అచ్చటనే పై చదువు ఆరంభించెను. క్రమముగ ఆ బడి ఉదయమునుండి చీకటిపడు వరకు, ఏడాది పొడవున, ఆదివారములు కూడ నడచునట్టి పాఠశాలగా పెరిగినది. దిగువ పల్లెలనుండి ప్రభుత్వ పాఠశాలలలో తప్పిన పిల్లలు అడవిదారిన నడచి అచ్చటికి వచ్చుచుండిరి.

అట్లు క్రొత్తగా వచ్చిన బాలునికి ఆ బడి మొదట బడివలె కనుపింపలేదు. ఉపాధ్యాయుని ఎత్తుపీట లేదు. నల్లబల్ల లేదు. వరుస బల్లలు లేవు. పెద్ద బల్లలు కొన్ని కలవు. వాని చుట్టు చేరి చదువుదురు, వానిమీదనే భోజనము చేయుదురు. ప్రతి పుస్తకమునకు ఒకే ప్రతి కలదు. పిల్లలు దాని చుట్టు ఒకరినొకరు ఒత్తుకొని నిలుచుందురు. వారిలో ఒకడు కొంచెము పెద్దవాడు, వాడే పాఠము చెప్పుచున్నాడని కాసేపటికి గాని తెలియదు. పదునారేండ్లవాడు అచ్చట పెద్ద ఉపాధ్యాయుడు. పండ్రెండేండ్లవాడు చిన్న ఉపాధ్యాయుడు.

పెద్ద పిల్లలు చిన్నవారికి చదువు చెప్పు పద్ధతి మన దేశమునకు క్రొత్త కాదు. మన వీధిబడులలో అది పూర్వమునుండియు కలదు. 18వ శతాబ్దాంతమున మద్రాసులో అనాథ బాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ అను దొర, ఈ ప్రాంతపు బడులలో ఇసుకమీద అక్షరములు దిద్దు పిల్లలను చూచి, ఆ విధానమును తన పాఠశాలలో ప్రవేశపెట్టి, 1797లో దానినిగూర్చి లండనులో ఒక పుస్తకము ప్రకటించెను. ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’ యను పేరిట వ్యాపించినది. అయితే ఆ పద్ధతిని అచ్చట తక్కువ వ్యయముతో ఎక్కువ మందికి చదువు చెప్పుటకు వాడుకొనిరి. బర్బియానాలో దాని ఉద్దేశము వేరు. ఇతరులకు చెప్పుటకొరకే తాను నేర్చుకొనువాడు పరీక్షకొరకు నేర్చుకొనువానికంటె లోతుగ నేర్చుకొనునని మిలానీ నమ్మెను.

ఆ బడికి ఒక్కటే కట్టుబాటు. వెనుకబడినవాడు గ్రహించువరకు తక్కినవారు ముందునకు సాగరాదు. ఇతర పాఠశాలలలో చివరి బల్లపై కూర్చుండి కిటికీ వైపు చూచుటకు అలవడిన బాలుడు, ఇచ్చట ఈ బడి యంతయు తనకొరకే నడచుచున్నట్లు అనుకొనుచుండెను. బుద్ధిమంతులు వాని వలన నష్టపడుచున్నారని ఎవరైన అనవచ్చును. కాని ఒక విషయమును మూడు విధముల చెప్పవలసివచ్చిన బుద్ధిమంతునికే ఆ విషయము నిజముగ తెలియునని పాఠము చెప్పిన ప్రతివానికి అనుభవమే.

“నాకు పట్టినది”

అచ్చట ఏమి నేర్చుచుండిరి? ప్రతిదినము వార్తాపత్రిక చదువుచుండిరి. మొదటి పుటనుండి ఆరంభించి, తెలియని మాట వచ్చినచోట ఆగుచుండిరి. ఆ మాట ఏ భాషనుండి వచ్చినది, దాని చుట్టములు ఏవి, ఎవరు దానిని ఏ ప్రయోజనమునకు వాడుచున్నారు అని విచారించుచుండిరి. ఒక్కొక్కప్పుడు ఒక్క మాట వెంట ఒక పూట గడచిపోవుచుండెను. ఆ మాట వెంట చరిత్ర వచ్చును, భూగోళము వచ్చును, చట్టము వచ్చును. కొండ యెక్కి వచ్చిన అతిథి యెవడైనను పిల్లల ప్రశ్నలకు లోబడవలసినదే. తన వృత్తిని గూర్చి వారికి అర్థమగునట్లు చెప్పలేని పండితులు అచ్చట ఇబ్బంది పడుచుండిరి.

చదువుతో పాటు చేతిపని యుండెను. బల్లలను, కుర్చీలను, పాఠమునకు కావలసిన పరికరములను పిల్లలే చేసికొనిరి. కర్రపనికి, ఇనుపపనికి చిన్న కార్ఖానా ఏర్పడినది. నక్షత్రములను చూచు యంత్రములను తయారుచేసిరి. కొండపిల్లలకు నీటిభయము మెండు. అందుచే ఒక చిన్న ఈతకొలనును త్రవ్వుకొని ఈత నేర్చిరి. విదేశభాషలను వినికిడిరికార్డుల సాయమున నేర్చి, పెద్దపిల్లలు వేసవిలో పరదేశములకు పోయి పనిచేసి, ఆ భాషలలో మాటలాడి తిరిగివచ్చుచుండిరి. తండ్రులు విక్కియో సంతకంటె దూరము పోయి యెరుగరు. కొడుకులు సముద్రము దాటి వచ్చి తమ కథ చెప్పుచుండిరి.

గది గోడమీద రెండు ఆంగ్లపదములు పెద్ద అక్షరములలో వ్రాసియుండెను: ‘ఐ కేర్’. ‘ఇది నాకు పట్టినది, దీని బాధ్యత నాది’ యని దాని భావము. అంతకు పూర్వము దేశమును ఏలిన ఫాసిస్టుల నినాదమునకు ‘నాకేమి పట్టె’ యని అర్థము. ఆ మాటకు సరిగా ఎదురుమాట కావలెనని ఆయన దీనిని ఎన్నుకొనెను. బడి తరువాతి బడికి లెక్కలు, వ్యాకరణము అనునవి పాఠ్యవిషయములు కావచ్చును. దాని అసలు పాఠము మాత్రము ఈ రెండు మాటలే.

ఆటలేని బడి

బర్బియానాను కీర్తించువారు మరుగుపరుపరాని విషయమొకటి కలదు. అచ్చట ఆటవిడుపు లేదు. మిలానీ కఠినుడు. కోపిష్ఠి. పిల్లలు ఆటలో కాలము వ్యర్థపుచ్చుట ఆయనకు గిట్టదు. పేదవానికి చదువుకొనుటకు దొరకిన కాలమే స్వల్పము, దానిని కూడ బంతి తన్నుటలో పోగొట్టినచో ధనికుని బిడ్డను వాడెన్నడు అందుకొనును అని ఆయన వాదము.

ఈ విషయమై ఆ బడిని చూడవచ్చిన ఉపాధ్యాయులు ఆక్షేపణ తెలుపుచుండిరి. ఒక ఆచార్యుడు బాలశరీరమునకు ఆట ఎంత అవసరమో శాస్త్రోక్తముగ వివరించెను. అచ్చటి బాలుడొకడు తన ఇంట పశువులశాలలో 36 ఆవులు కలవనియు, పేడ యెత్తుటకంటె బడి యెప్పుడును మేలేయనియు బదులు చెప్పెను. పట్టణపు పెద్దమనుష్యుని తర్కమంతయు ఆ పశువులశాల గుమ్మమునొద్ద ఆగిపోయినది. బడి విడుపు అనగా విశ్రాంతి యని అనుకొనుట విశ్రాంతి లభించు ఇండ్లవారికే చెల్లునని ఆ బాలుడు గుర్తుచేసెను.

అయినను ఆచార్యుని మాటలో సత్యము లేకపోలేదు. పిల్లవాడు పని వదలి బడికి వచ్చుట ఒక మేలు. బడిలో బాలుడుగ నుండుట మరియొక మేలు. రెండవ మేలును బర్బియానా పూర్తిగ గుర్తింపలేదు. మరియొక కొరత కూడ కలదు. దిగువ పల్లెల మగపిల్లలు అంత దూరము నడచి వచ్చుచుండగా ఆడపిల్లలు రాలేదు. ఆడపిల్లకు అంత చదువేలయను తల్లిదండ్రుల తలపును ఆ బడి గుర్తించి విమర్శించినది గాని జయింపలేదు.

కాగితపు ముక్కల వ్యాసము

మొదటి కొరతను కొంత పూరించిన మిత్రుడు మిలానీకి 1963 వేసవిలో లభించెను. ఆయన పేరు మారియో లోడీ. 1922లో జన్మించిన లోడీ, ఉత్తర ఇటలీ మైదానములో పియాదేనా అను చిన్న పట్టణమునకు చెందిన వో అను పల్లెలో ప్రాథమికోపాధ్యాయుడు. ఫ్రాన్సు దేశపు పల్లెటూరి ఉపాధ్యాయుడు సెలెస్తాఁ ఫ్రెనే మార్గమును అనుసరించి, తరగతిలో చిన్న అచ్చుయంత్రముంచి, పిల్లలు తాము చూచినది, తలచినది వ్రాసి అచ్చువేసికొనునట్లు చేయుచుండెను. లోడీ తరగతిలో కిటికీనుండి వెలుపలికి చూచుట నేరము కాదు, పాఠము. అట్లు ఎదుటి కప్పుపై పిచ్చుకలను చూచిన పిల్లల మాటలనుండి ‘చిపీ’ అను పిచ్చుక కథ పుట్టినది. 1961లో వెలువడిన ఆ పుస్తకమును తరతరములుగ ఇటలీ పిల్లలు చదువుచున్నారు.

కఠినుడైన మిలానీయు, మృదువైన లోడీయు ఒకరినొకరు గౌరవించిరి. పియాదేనా పిల్లలును, బర్బియానా పిల్లలును ఉత్తరములు వ్రాసికొనవలెనని నిశ్చయమైనది. ఆ యేటి నవంబరులో బర్బియానా పిల్లలందరు కలిసి తమ బడిని వర్ణించుచు ఒకే ఉత్తరమును వ్రాసిరి. వ్యాసము వ్రాయుట ఒంటరిగ కూర్చుండి కలము కొరుకుట కాదనియు, అది నలుగురు కలిసి చేయదగిన చేతిపని యనియు అప్పుడు వారికి తెలిసినది.

వారి పద్ధతి ఏ బడిలోనైనను ఆచరింపదగినది. ప్రతివాడు జేబులో చిన్న పుస్తకమొకటి ఉంచుకొనును. తలపు తోచినప్పుడెల్ల ఒక్కొక్క తలపును ఒక్కొక్క కాగితపు ముక్కపై, ఒక వైపుననే, వ్రాసికొనును. ఒకనాడు ఆ ముక్కలన్నిటిని పెద్ద బల్లపై పరచుదురు. రెండుమార్లు వచ్చినదానిని తీసివేయుదురు. చుట్టరికముగల వానిని కుప్పలుగ చేర్తురు. అవి అధ్యాయములు. ఒక్కొక్క కుప్పను చిన్న కుప్పలుగ విడదీయుదురు. అవి పేరాలు. ప్రతి పేరాకు ఒక పేరు పెట్టుదురు. పేరు పెట్ట వీలుగానిచో అందు విషయమేమియు లేదని అర్థము. పిమ్మట దానిని వ్రాసి, ఒక్కొక్క వాక్యమును పరీక్షింతురు. అవసరములేని మాట, కష్టమైన మాట, పొడుగైన వాక్యము, ఒకే వాక్యములో ఇరికిన రెండు భావములు ఒకదాని తరువాత నొకటి తొలగిపోవును. చివరకు చదువు ఎక్కువగ లేని బయటివారిని పిలిచి వినిపింతురు. వారికి తెలియనిది మరల దిద్దుదురు. తెలివిగలవాని మాటయా, మందుని మాటయా యని ఆ కాగితపు ముక్క చెప్పదు. బల్లమీద అన్నియు సమానమే.

ఒక ఉత్తరము

ఈ పద్ధతికి ఘనమైన పరీక్ష త్వరలోనే వచ్చినది. బర్బియానాలో చదివిన ఇరువురు బాలురు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చేరగా అచ్చట వారిని తప్పించిరి. జీవితమంతయు ఇతరులకు పాఠము చెప్పుచు పెరిగిన పిల్లలు ఉపాధ్యాయులగుటకు తగరని తేలినది! ఇండ్లకు పోయి ఏడ్చుటకు బదులు ఎనమండుగురు బాలురు ఆ బల్లచుట్టు కూర్చుండి, తమను తప్పించిన ఉపాధ్యాయురాలిని ఉద్దేశించి ఉత్తరము వ్రాయ నారంభించిరి. ఆమె పేరు అందులో ఎచ్చటను లేదు. ఒక్క ఉపాధ్యాయురాలిని నిందించుట వారి ఉద్దేశము కాదు. సుమారు ఒక సంవత్సరము ఆ పని సాగినది. ప్రభుత్వపు లెక్కలు తెప్పించి, ఏ తరగతిలో ఎందరు తప్పుచున్నారు, వారు ఎవరి బిడ్డలు అని పట్టికలు గీసిరి. తప్పినవారిలో అధికులు రైతుల, కూలీల బిడ్డలేయని ఆ పట్టికలు చూపినవి.

ఆ ఉత్తరములో ఇరువురు పిల్లలు మాటిమాటికి కనబడుదురు. ఒకడు వైద్యుని కుమారుడు పియెరీనో. వాడు బడికి రాకమునుపే చదువ నేర్చినవాడు. రెండవవాడు రైతు కుమారుడు జాన్ని. వాని భాష పొలము భాష. బడి జాన్నిని త్రోసివేసి పియెరీనోకు బహుమానమిచ్చును. రోగిని వెళ్లగొట్టి ఆరోగ్యవంతునికి మందిచ్చు ఆసుపత్రికిని, ఇట్టి బడికిని భేదము లేదని ఆ బాలుర ఆరోపణ. దానికి వారు చూపిన చికిత్స మూడు విధములు. నిర్బంధ విద్యలో ఎవరిని తప్పింపరాదు. మందులుగ కనబడువారికి పూర్తిదినము బడి నడపవలెను. ఆసక్తి లేనివారికి చదువుకు ఒక ప్రయోజనము చూపవలెను. ఈ మూడింటిలో రెండవది వారి బడి పుట్టిన మూలమే. ఆనాడు ఇటలీ పాఠశాలలు మధ్యాహ్నమునకే ముగియుచుండెను. తక్కిన సగము దినము పియెరీనోకు ఇంటిబడి, జాన్నికి పశువులశాల.

మిలానీకి అప్పటికే కొన్ని సంవత్సరములుగ రక్తమునకు సంబంధించిన అసాధ్యవ్యాధి పట్టియుండెను. పిల్లలు ఆ పుస్తకమును ముగించుట ఆయన ప్రాణముతో పందెము వేసికొని చేసిన పని. 1967 మేలో ‘ఒక ఉపాధ్యాయురాలికి ఉత్తరము’ వెలువడినది. గ్రంథకర్తగ మిలానీ పేరు లేదు, ‘బర్బియానా పాఠశాల’ యని మాత్రమే కలదు. జూన్ 26న ఆయన తల్లి ఇంట కన్నుమూసెను. వయస్సు 44 సంవత్సరములు. పదుమూడేండ్ల క్రిందట కొనియుంచిన స్థలములోనే ఆయనను సమాధిచేసిరి. ఆయన పోయిన పిమ్మట ఆ పాఠశాల ఎంతోకాలము నిలువలేదు. ఆ చిన్న పుస్తకము మాత్రము అనేక భాషలలోనికి పోయినది.

చట్టము, దాని కొరత

ఆ పుస్తకము వెలువడిన నాలుగేండ్లకు, 1971 సెప్టెంబరు 24న, ఇటలీలో 820వ సంఖ్యగల చట్టము వచ్చినది. ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు పాఠములకు అనుబంధముగ ఇతర కార్యక్రమములను, ప్రత్యేక శిక్షణను ఏర్పరచి, పూర్తిదినపు బడికి దారితీయుట దాని ఉద్దేశము. అది ఒక్క బర్బియానా ఫలమే యనుట సరికాదు. నగరములలో తల్లులు ఉద్యోగములకు పోవుట హెచ్చినది. కార్మికులు కోరిరి. పలు పట్టణముల ఉపాధ్యాయులు అదివరకే ప్రయోగములు చేసియుండిరి. వారిలో బ్రూనో చారి ముఖ్యుడు. చెర్తాల్దో అను చిన్న పట్టణములో ప్రాథమికోపాధ్యాయుడుగ పనిచేసి, 1966 నుండి బొలోన్యా నగరపు పురపాలక విద్యాసంస్థలను నడపిన ఆయన, 1970లో, చట్టమునకు ఒక సంవత్సరము ముందు, మరణించెను.

చారి చేసిన హెచ్చరిక నేటికిని స్మరింపదగినది. ఉదయము ఒక బడి, సాయంకాలము దానికి అతికిన మరియొక బడి యని రెండుగ చీల్చినచో, ఆ రెండవది పిల్లలను కావలి కాయు కొట్టమగును. లేదా ఉదయమునాటి ఇంటిపని పూర్తిచేయించు కర్మాగారమగును. ఉదయము అక్షరము, సాయంకాలము రంగులు, పాట, తోటపని యని వేరుచేయుట తగదు. దినమంతయు ఒకే చదువు కావలెను.

ఇటలీలో ఇప్పుడు వారమునకు 40 గంటల పూర్తిదినపు ప్రాథమిక పాఠశాలలు అనేకములు కలవు. అయితే అవి సంపన్నమైన ఉత్తర ప్రాంతములలో విరివిగను, పేదదైన దక్షిణ ప్రాంతములలో అరుదుగను ఉన్నవి. జాన్నికొరకు పుట్టిన ఏర్పాటు మొదట పియెరీనో ఊరికే చేరినది. ఏ దేశములోనైనను మంచి ఏర్పాటులు నీటివలె గాక నూనెవలె ప్రవర్తించును. పల్లమునకు దిగక పైన తేలుచుండును.

మారియో లోడీ ఉద్యోగవిరమణానంతరము 1989లో తన ప్రాంతమున ద్రిజ్జోనా అను ఊరిలో ‘కళల, ఆటల ఇల్లు’ స్థాపించెను. అచ్చటికి పిల్లలు చిత్రములు వేయుటకు, బొమ్మలు చేయుటకు, కథలు అల్లుటకు వచ్చుచుండిరి. 2014లో ఆయన మరణించెను. మిలానీ బడిలో లేని ఆటకు లోడీ ఇల్లు కట్టెననవచ్చును.

ఉపాధ్యాయుని చేతిలోనున్నది

బర్బియానా కొండమీది ఆ గది నేటికిని భద్రముగ నిలిచియున్నది. 2017 జూన్ 20న పోపు ఫ్రాన్సిస్ ఆ సమాధిని దర్శించెను. 2023 మే 27న, మిలానీ శతజయంతినాడు, ఆ దేశపు రాష్ట్రపతి అచ్చటికి వచ్చెను. కొండమీదికి పంపివేయబడిన ఉపాధ్యాయుని వెదకికొనుచు పెద్దలు కొండ యెక్కవలసివచ్చినది. కాని పూజ్యులు వచ్చిపోవుటచే బడి నిలువదు. ఆ గదిలోని బల్లమీద మన ఉపాధ్యాయులు తీసికొనిపోదగినవి వేరే కలవు.

పూర్తిదినపు బడి ప్రభుత్వము ఏర్పరుపవలసిన విషయము. పండ్రెండు గంటల బడిని ఏ ఉపాధ్యాయునినుండియు ఆశించుట న్యాయము కాదు. మిలానీకి భార్యాబిడ్డలు లేరు. ఇతరులకు కలరు. అయినను ఆయన పని మొదలైనది పండ్రెండు గంటలతో కాదు, బడి వదలిన తరువాతి ఒకటి రెండు గంటలతో. అందుకు కావలసినది ఒక బల్ల, ఒకే ప్రతి గల ఒక పుస్తకము, ఒక వార్తాపత్రిక, చిన్నవానికి చెప్పగల ఒక పెద్ద పిల్లవాడు. ఇవి లేని చిన్న పట్టణము కలదా? వ్యయమునకు వెరచి మానవలసిన పని కాదది.

అయితే ఆ గంటను దేనితో నింపవలెనను ప్రశ్న మిగిలియున్నది. మరల అదే పాఠము, అదే వల్లెవేత, అదే పరీక్ష యైనచో అది బడి తరువాతి బడి కాదు, బడికి శిక్షగా మరియొక బడి. ప్రైవేటు చదువు పెక్కుసారులు ఈ దారినే నడచుచున్నది. మిలానీ ఆ గంటలలో మాటను ఉంచెను. లోడీ ఆటను, బొమ్మను, కథను ఉంచెను. ధనికుని ఇంట బిడ్డకు సాయంకాలము లభించునవి ఇవియే. పేదవాని బిడ్డకు లేనివియు ఇవియే.

బడిగంట మ్రోగును. పిల్లలందరు వెలుపలికి వత్తురు. వారిలో ఒకడు గుమ్మమునొద్ద కొంచెము తడవు తారాడును. ఇంటికి పోవుటకు వానికి తొందర లేదు. ఏదో అడుగవలెనని ఉన్నది, అడుగుటకు మాట రాదు. ఉపాధ్యాయుడు తాళము వేయబోవుచు వానిని చూచును. “ఏమిరా, ఇంకను పోలేదా?” అని అడిగి తాళము వేయవచ్చును. “రా, కూర్చో” అనియు అనవచ్చును. బర్బియానా ఈ రెండవ మాటతోనే పుట్టినది.